రోగమున్న ఊరి పేరు

కోపమొస్తే నా నోరు ఊరుకోదు. గొర్రెల కాపరుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆ నోటికి తాళం పడింది. వేయించింది మా సంఘంలోని కాపరి మల్లన్న కాకే.

మొదట్లో ఏ ఊరి మందల్లో రోగముందో నేను కంప్యూటర్లో ఎక్కిస్తే, ఎవరైనా ఫోన్లో చూసుకునేవాళ్లు. గొర్రెలు కొనే బేరగాళ్లూ చూశారు. ఒక్క గొర్రె దగ్గినా ఊళ్లోని జీవాలన్నిటికీ సగం ధరే కట్టారు. కాక ఆఫీసు మీదికొచ్చి, "మా ఇంటి ముచ్చట అంగట్ల పెడ్తరా?" అని గొడవ చేశాడు. ఆయన బాధ న్యాయమైనదే.

"కాపరులకు చూపిద్దాం, బేరగాళ్లకు మూసేద్దాం" అన్నాను నేను.

"ఎవడు కాపరో ఎవడు బేరగాడో ఎవరు తేలుస్తరు నాగరాణీ? అందరికీ మూసెయ్" అన్నాడు అధ్యక్షుడు దశరథం. రోగమున్నా లేకున్నా ఏ ఊరి సంగతి చెప్పాలన్నా ఆయనా, డైరెక్టర్ విజేందరూ సంతకం పెట్టాలని తీర్మానించారు.

దసరా వెళ్లాక కాక ఫోన్ చేశాడు. "బిడ్డా, రాళ్ళగడ్డ రైతులు చేన్లల్ల మంద పెట్టుమంటున్రు. ఎరువు వాళ్లకు, గింజలు మాకు. గా ఊర్లె రోగమేమన్న ఉన్నదా?"

తెర మీద రాళ్ళగడ్డ ఎర్రగా ఉంది. పారుడు రోగం, మందకు మందనే తుడిచిపెట్టే అంటురోగం. కాక మందలో పిల్లలకింకా టీకాలు పడలేదు. దశరథం దగ్గరికి పరుగెత్తాను.

"విజేందర్ పెండ్లికి పోయిండు. రానియ్యి, పెడ్తడు సంతకం" అన్నాడాయన తాపీగా.

"కాకా, జర ఆగు" అన్నాను ఫోన్లో.

"ఎందుకు?"

"చెప్పరాదు."

"ఏ ఊరడిగినా గదే మాటంటవు గదనే!" అని నవ్వి, మందను తోలుకుపోయాడు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు సంతకాలొచ్చాయి. అప్పటికి కాక మందలో పిల్లలన్నీ పోయాయి. తల్లుల్లో సగం పోయాయి. మిగిలినవాటితో ఆయన సొంతూరికి తిరిగొచ్చాడు, రోగమూ వెంటే వచ్చింది.

ఆఫీసుకొస్తే తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మా ఊరి పేరు బయటికి రానియ్యకు బిడ్డా. మిగిలినయన్న అమ్ముకుంట" అన్నాడు.

అంతలో ఫోన్ మోగింది. పక్క మండలం కాపరి యాదయ్య.

"అక్కా, మల్లన్నోళ్ల ఊర్లె మంద పెట్టుమంటున్రు. రోగం గిట్ల ఉన్నదా?"

స్పీకర్ పెట్టి ఫోన్‌ను కాక ముందుకు నెట్టాను. "నువ్వే చెప్పు."

కాక రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు.

"చెప్పరాదు తమ్మీ" అన్నాడు.

"ఎప్పుడూ గదే మాటనాయె. సరే, తోలుకొస్తున్న" అన్నాడు యాదయ్య.