చచ్చినవాడు నొక్కిన బటన్

నేను కోతలరాయుణ్ణని మా యార్డులో అందరికీ తెలుసు. వ్యోమింగ్ గాలికి నా లారీ మూడు మైళ్లు ఎగిరి, ట్రాఫిక్ తప్పించుకుని దిగిందని ఒట్టేసి చెప్పినవాణ్ణి. కాని ఈ అబద్ధం నాది కాదు. ఇంత పెద్దది అల్లడానికి నా ఐదో తరగతి చాలదు. అల్లినవాడు ఎంబీఏ.

మధ్యాహ్నం ఒంటిగంటా పది. ఇండియానా దాటి షికాగో వైపు వస్తున్నాం. ముందు దివాకర్ లారీ, వెనక నాది. వాడి లారీ మెల్లగా గీత దాటి పక్కకు జరిగింది. హారన్ మీద చెయ్యి తీయలేదు నేను. వాడి బ్రేకు లైటు వెలగలేదు. రోడ్డు వార ఆగి ఉన్న ట్రైలరు కిందకు క్యాబిన్ దూరిపోయింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి స్టీరింగు వాడి రొమ్ములో దిగి ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. మంట లేచింది. పట్టి లాగితే నా చేతికి చొక్కా చెయ్యి ఒక్కటే వచ్చింది.

పందొమ్మిది గంటలు ఆపకుండా నడిపాడు వాడు. యజమాని విశ్వనాథం ఫోన్లో తరుముతూనే ఉన్నాడు.

ఇక్కడ ఇంజనుకు ఒక యంత్రం తగిలిస్తారు. చక్రం తిరిగితే చాలు, డ్రైవరు పేరున అదే గంటలు రాసుకుంటుంది. పదకొండు దాటితే క్యాబిన్లో ఉండే ట్యాబ్ తెర ఎర్రబడుతుంది, పది గంటలు పడుకోవాలి. లాగ్ అనే ఆ రాతను ఆఫీసులో దిద్దొచ్చు గాని, డ్రైవరు ఒప్పుకుని బటన్ నొక్కితేనే చెల్లుతుంది. మరి దివాకర్‌కూ, మా పదహారు మందికీ పాస్‌వర్డులు పెట్టిచ్చింది ఎవరనుకున్నారు? విశ్వనాథమే. మన వైపువాడు, అన్నా అంటే పలుకుతాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, అతని దగ్గర దాపరికమేమిటనుకున్నాం. దొంగకు తాళంచెవులిచ్చి, పోకుండా చూడన్నా అని దండం కూడా పెట్టాం.

మర్నాడు పొద్దున యార్డులో మీటింగు పెట్టి విశ్వనాథం ఒక కాగితం చదివాడు. మొదటి పది గంటలు నిశాంత్ నడిపాడట, దివాకర్ వెనక బెర్తులో హాయిగా పడుకున్నాడట, లేచాక ఒళ్లు మరిచి నడిపి గుద్దాడట. మాతో పనిచేసిన ఆ నిశాంత్ ఇండియా వెళ్లిపోయి ఏడాదైంది. ఆ కాగితం కింద మమ్మల్నందరినీ సాక్షి సంతకాలు చేయమన్నాడు.

అప్పుడు లేచింది దేదీప్య. ఎమ్మెస్ చదువుకుంటూ, వీసా ఒప్పుకోకున్నా దొంగచాటుగా ఆ ఆఫీసులో పనిచేసే పిల్ల. కంప్యూటర్లోంచి తీసిన కాగితం అందరికీ కనబడేలా ఎత్తిపట్టింది.

"అంకుల్, దివాకరన్న చనిపోయింది వన్ టెన్‌కి. ఈ ఎడిట్ అన్న పేరుతో యాక్సెప్ట్ అయ్యింది త్రీ ఫార్టీకి. ఒరిజినల్ డిలీట్ కాదు, కింద అలాగే ఉంటుంది."

"నీ స్టేటస్ ఏంటో నాకు తెలుసమ్మా," అన్నాడు విశ్వనాథం నెమ్మదిగా. "ఇమిగ్రేషన్‌కి ఒక్క ఈమెయిల్ చాలు."

చచ్చినవాడు రెండున్నర గంటల తర్వాత లేచి బటన్ నొక్కాడన్నమాట. నా కోతలన్నీ సిగ్గుపడ్డాయి.

అతను లోపలికి పోయాక మాలో మేమే కొట్టుకున్నాం. మన లాగులూ అబద్ధాలేగా, బయటపెడితే మన లైసెన్సులూ పోతాయి అన్నారు కొందరు. సంతకం పెట్టి బతుకుదాం అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కాళ్లు వెనక్కే లాగాయి. మీటింగుకు వచ్చిన దివాకర్ భార్య కనకదుర్గ ఆ మాటలన్నీ వింటూ నిలబడింది.

"నా మొగుడు సోకుగా పండుకొని లేచి జనం మీదికి పోయిండని రాస్తున్నరు," అంది. "పెట్టేటోడు నా కండ్ల ముందు పెట్టుండ్రి సంతకం."

పెన్ను ఎవరూ ముట్టుకోలేదు. ముందు పదహారు పాస్‌వర్డులూ మార్చాం. తర్వాత హైవే మీది కాటాకు, లారీలు తూచి లాగులు చూసే చోటికి, మేమే పోదామని తేల్చాం.

గేటు దగ్గర విశ్వనాథం మనుషులు టైర్లు కొట్టి చూసే కర్రలతో కాచుకున్నారు. మొదటి దెబ్బకు నా అద్దం పగిలింది, రెండోదానికి మణికట్టు. కిందికి లాగి బూట్లతో తొక్కారు. మా వాళ్లూ తమ కర్రలు తీసుకుని దూకారు. పళ్లు రాలాయి, తలలు పగిలాయి. నన్ను తొక్కినవాడి మోకాలు నా కర్రతో నేనే విరిచాను. అందులో కోత లేదు, సిగ్గూ లేదు. నెత్తుటి చేత్తోనే స్టీరింగు పట్టి గేటును గుద్దుకుంటూ పోయాను. పక్క సీట్లో కనకదుర్గ. వెనక పదిహేను లారీలు.

తల వంచుకుని జారుకునే డ్రైవర్లనే చూసిన కాటా ఇన్‌స్పెక్టరు, నన్ను చెక్ చెయ్యి, నా లాగ్ అబద్ధం అని నేనంటే తెల్లబోయాడు. కనకదుర్గ, దేదీప్య ఇచ్చిన కాగితం అతని ముందు పెట్టింది. ఒక్కొక్కళ్లం లాగులు చూపించాం, ఇక కదలకూడదని ఒక్కొక్క లారీని అతను అక్కడే ఆపేశాడు. గేటు గుద్దినందుకు, మోకాలు విరిచినందుకు పోలీసులు వచ్చి నా విరిగిన మణికట్టు మీదే బేడీ బిగించారు.

మా వెనక ఆగిన వేరే కంపెనీ లారీలోంచి ముసలి సర్దార్జీ దిగి, సంగతేమిటని మా వాళ్లను అడిగాడు. విన్నాడు. క్యాబిన్ ఎక్కి తన ట్యాబ్ ఊడదీసి తెచ్చి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాడు.

"నాదీ అబద్ధమే. రాసుకో."

అతని వెనక ఇంకో లారీ తలుపు తెరుచుకుంది.