ఓడెక్కిన మిమి

రంగూన్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా, రాజమండ్రిలో ఆ వీధివాళ్ళకి ఆమె ఇంకా బర్మా లోవమ్మే. తుని దగ్గర్నుంచి కూలికి వలసపోయిన తల్లిదండ్రులకి రంగూన్‌లోనే పుట్టింది. అక్కడే పెళ్ళయింది. అక్కడి ప్రభుత్వం మనవాళ్ళని పంపించేస్తున్న రోజుల్లో భర్త చిట్టియ్యతో కట్టుబట్టలతో ఓడెక్కింది. చిట్టియ్య పోయాక వీధి చివర బండి పెట్టుకుని, బర్మా పద్ధతిలో నూడుల్స్ చేసి అమ్ముకుంటూ ఒక్కతే ఉండేది. ఎవరైనా పలకరిస్తే ఒకటి రెండు మాటలు, అంతే.

ఆ వీధిలో సగం బర్మా కుటుంబాలు, సగం ఊరివాళ్ళు. పక్కపక్కనే ఉన్నా ఒకరి గడప ఒకరు తొక్కేవారు కాదు. హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరైన శ్యామలాంబ, శనివారం సాయంత్రాలు తన వరండాలో చాపలు పరిచి అందర్నీ పిలవడం మొదలుపెట్టింది. ఒకరు తమ కథ చెప్పాలి. విన్నవాళ్ళు దాన్ని అక్కడికక్కడే ఆడి చూపించాలి. మొదట్లో అంతా నవ్వులాటగా సాగింది. లోవమ్మ చాలాకాలం గోడ పక్కన కూర్చుని వింటూ ఉండిపోయింది.

ఒక శనివారం ఎవరూ అడక్కుండానే నోరు విప్పింది.

"నాకో పిల్ల ఉండేదండి."

రంగూన్‌లో పక్కవాటా బర్మా ఆవిడ పురిట్లో పోతే, ఆ పసిగుడ్డుని లోవమ్మ తెచ్చుకుని పెంచింది. పేరు మిమి. తెలుగే మాట్లాడేది, లోవమ్మని అమ్మా అనేది. ప్రయాణం నాటికి ఆరేళ్ళది. రేవులో అధికారి కాగితాలు చూసి, ఈ పిల్ల మీ దేశపు పిల్ల కాదు, ఎక్కడానికి వీల్లేదన్నాడు. చిట్టియ్య అతని కాళ్ళు పట్టుకున్నాడు. ఓడ కూత వేసింది. సాగనంపడానికి వచ్చిన పొరుగావిడ చేతుల్లో పిల్లని పెట్టి ఇద్దరూ ఎక్కేశారు.

"అది ఏడవలేదండి. మేం సామాను పైన పెట్టి దిగొస్తామనుకుంది."

ఆ రోజు ఎవరూ లేచి ఆడలేదు. శ్యామలాంబ వచ్చి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత వారాల్లో నెమ్మదిగా ఆ కథ ఆడారు. లోవమ్మ లోవమ్మగానే చేసింది. అధికారి వేషం వేసిన పొరుగింటి దీనమ్మ, తనూ ఆ ఓడలోనే వచ్చిన మనిషి, మాట పెగలక మధ్యలో ఆగిపోయేది. ఇన్నేళ్ళలో మొదటిసారి లోవమ్మ పైకి ఏడ్చింది. నిద్ర పట్టడం మొదలైంది. శ్యామలాంబ వంటింట్లోకి నేరుగా వెళ్ళి కాఫీ కలుపుకునేంత చనువొచ్చింది.

రెండువేల మూడులో పుష్కరాలొచ్చాయి. గోదావరి ఒడ్డున వేసిన ఒక స్టేజీ మీద నాటకం వేసే అవకాశం శ్యామలాంబకి దొరికింది.

"మీ కథే వేద్దాం లోవమ్మగారూ. మీరే చెయ్యాలి," అంది.

నలుగురి ముందూ మిమి పేరు వినబడుతుందంటే లోవమ్మ కాదనలేకపోయింది. కొన్నాళ్ళు రిహార్సల్స్ బాగానే జరిగాయి. తర్వాత పిలుపు ఆగిపోయింది. అడిగితే, "నాకు ఒంట్లో బాగోలేదండి, కబురు చేస్తాను," అంది శ్యామలాంబ. నాటకం రోజున మాత్రం తనే వచ్చి రిక్షా ఎక్కించి తీసుకెళ్ళింది. ముందు వరసలో కుర్చీ చూపించింది.

"మీరు హాయిగా కూర్చుని చూడండి. మీ వేషం మా మేనకోడలు శ్రీదుర్గ వేస్తోంది. కాలేజీలో నాటకాలాడిన పిల్ల. మీ యాస మైకులో జనానికి తెలీదండి."

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది లోవమ్మ. అయినా సర్దుకుని కూర్చుంది.

శ్రీదుర్గ బాగానే చేసింది. రేవు వచ్చింది, అధికారి వచ్చాడు, పిల్లని ఆపాడు. శ్రీదుర్గ కొంగు చాపి వేడుకుంది. అధికారి కళ్ళు తుడుచుకుని పక్కకి తప్పుకున్నాడు. మిమి వేషం వేసిన పిల్ల గబగబా మెట్లెక్కి ఓడలోకి వెళ్ళిపోయింది. లోవమ్మ తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చాపింది. స్టేజీ మీద ఓడ దిగినవాళ్ళకి ఊరివాళ్ళు దండలు వేస్తున్నారు. చప్పట్లు మోగాయి. వెనకనుంచి ఎవరో, "కూర్చోండమ్మా, కనబడట్లేదు," అన్నారు.

నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్ళింది.

"పిల్ల ఎక్కిందేంటండి?"

శ్యామలాంబ నవ్వబోయి ఆగింది. "స్నానానికొచ్చిన జనం ఏడుస్తూ వెళ్ళడం బాగోదన్నారండి స్టేజీవాళ్ళు. నాటకమే కదా."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఒప్పుకోరు."

లోవమ్మ నెమ్మదిగా అంది. "అది ఎక్కగానే నాకు సంతోషమేసిందండి. నిజంగానే వచ్చేసిందనుకున్నాను. అంతలోనే మళ్ళీ రేవులో వదిలేసొచ్చినట్టయింది. అప్పుడు ఆపినవాడెవడో నాకు తెలీదు. మీరలా కాదు, మీ ఇంట్లో నేను కాఫీ తాగానండి."

శ్యామలాంబ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. రిక్షా వద్దని నడిచి వెళ్ళింది.

మర్నాడు శ్యామలాంబ శాలువా తెచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు లోవమ్మ. శనివారాలు బర్మా ఇళ్ళవాళ్ళు ఆ వరండాకి వెళ్ళడం మానేశారు. ఎవరూ చెప్పి మాన్పించింది కాదు. లోవమ్మకి నిద్ర మళ్ళీ దూరమైంది. అంతకుముందు మిమి తలపుకొస్తే రేవులో నిలబడి కనబడేది. ఇప్పుడు మెట్లెక్కుతూ కనబడుతోంది. అది అబద్ధమని తనకి తనే చెప్పుకోవాల్సి వచ్చేది.

చలికాలంలో ఒకరోజు దీనమ్మ అడిగింది. "మన వాకిట్లోనే ఆ కథ ఆడదామా వదినా? జరిగింది జరిగినట్టే."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక దీనమ్మ వాకిట్లో బర్మావాళ్ళంతా కూర్చున్నారు. లోవమ్మ మొదటినుంచీ చెప్పసాగింది. సగంలో ఉండగా శ్యామలాంబ రోడ్డు దాటి వచ్చి కంచె పక్కన నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పిలవమంటావా?" అని దీనమ్మ మెల్లిగా అడిగింది.

"వింటే విననీ. లోపలికి మాత్రం వద్దు," అంది లోవమ్మ.

తర్వాత గొంతు కాస్త పెంచి, కంచె దాకా వినబడేలా, రేవు సంగతి చెప్పడం మొదలుపెట్టింది.