చెరిపేముందు

"నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావుగా, కాస్త ఆ డబ్బా సంగతి చూడు," అన్నాడు భర్త. అప్పుడామె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పొయ్యి మీద పాలు, బాత్రూంలోంచి తువ్వాలు కోసం కూతురి కేకలు, పక్కగదిలోంచి మందుల కోసం అత్తగారి పిలుపు. ఇదీ ఆవిడగారి ఖాళీ.

డబ్బా అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు. టీవీకి తగిలించి అత్తగారి సీరియళ్ళు నడిపేది. దాంట్లో మెమరీ కార్డు మాటిమాటికీ చచ్చిపోతోంది. కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ డ్రైవు పెట్టి, కంప్యూటరు నడిపే లినక్స్ దాంట్లోకి ఎక్కిస్తే ఢోకా ఉండదని చెప్పింది ఆమే. మర్నాడు భోజనాల దగ్గర ఆ మాటే తన బుర్రలో పుట్టినట్టు తమ్ముడికి చెప్పాడు భర్త. "వదినతో అనకు, బుర్ర తిరిగి పడిపోతుంది," అని మరిది నవ్వాడు. ఆమె వడ్డిస్తూ వింది. పెళ్ళికి ముందు ఓ కంపెనీ సర్వర్లన్నీ ఆమె చేతిమీదుగా నడిచేవని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒక్కోసారి ఆమెకే గుర్తుండదు, అదీ బాధ.

"ఇదుగో, నీ బీరువా అడుగున పడుంది. ఇంకోటి కొనడం దేనికి?" అంటూ పాత డ్రైవొకటి ఆమె ముందు పెట్టి వెళ్ళాడు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

డ్రైవును ల్యాప్‌టాప్‌కి తగిలించి, లినక్స్ ఫైలు ఎంచుకుంది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని తెర అడిగింది. చెరిపేముందు ఒకసారి తెరిచి చూడాలన్నది ఉద్యోగం నేర్పిన అలవాటు. తెరిచింది.

లోపల చూపులేనివాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే ప్రోగ్రాం. ఉద్యోగం చేసే రోజుల్లో తను సొంతంగా మొదలుపెట్టింది, కూతురు కడుపున పడ్డాక ఆగిపోయింది. దానికోసం తన గొంతే రికార్డు చేసింది. ఒక ఫైలు నొక్కగానే ఆ గొంతు గదంతా నిండింది. ఎవరికో భయపడి తగ్గించుకున్న గొంతు కాదది. మధ్యలో తప్పు చదివి, ఆ గొంతు పెద్దగా నవ్వింది కూడా. "ఆడదాని మాట పక్కగదికి వినబడకూడదు," అని కాపురానికొచ్చిన మొదటివారమే చెప్పారు అత్తగారు. అప్పట్నుంచీ గుసగుసల్లోనే బతుకు. ఆమెకు ఏడుపొచ్చింది.

భర్త గుమ్మంలోకి వచ్చాడు. "ఎవరావిడ? గొంతు బాగుందే."

పదేళ్ళ కాపురం.

"మీకు తెలీదులెండి," అంది. చెరపమంటావా అన్న తెర ప్రశ్నకు వద్దని నొక్కి, డ్రైవు ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"అదేంటి, ఎక్కించలేదా? అమ్మ సీరియల్ టైమవుతోంది."

"కొత్తది తెచ్చుకోండి," అంది, పక్కగదికి వినబడేంత గట్టిగా. "ఇది ఖాళీది కాదు. ఇందులో మనిషి ఉంది."