అడగకుండా మొక్కిన మొక్కు

"ఈ పొద్దు నువ్వు సెప్తావా, రేపు కొండ మీద నన్నే సెప్పమంటావా?" అంది వరదమ్మ, కొడుకు ముఖంలోకి సూటిగా చూస్తూ.

ధనంజయ గబుక్కున స్నానాలగది తలుపు వైపు చూశాడు. లోపల పెళ్లాం స్నానం చేస్తున్న నీళ్ల చప్పుడు ఆగలేదు, అదొక్కటే అదృష్టం. పొద్దుటి నుంచి నీళ్లలో జారి జారి అలసిపోయిన పిల్లలిద్దరూ మంచం మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు.

"మెల్లిగా మాట్లాడుమా. సెప్తా. ఈ పొద్దే సెప్తా."

"దీపావళికన్నావు, ఉగాదికన్నావు. ఇప్పుడు దసరా గూడా వచ్చేసింది. మొక్కింది నువ్వు, ఇయ్యాల్సింది ఆ పిల్ల. మంగలి ముందర కూర్సోబెట్టినాకనా దానికి తెలిసేది? పోండి, ఇద్దరూ అట్ల తిరిగి రాపోండి. పిల్లోళ్లను నేను సూసుకుంటా."

ధనంజయకు చిత్తూరులో బెల్లం మండీ ఉంది. మాట మీద నిలబడే మనిషని వ్యాపారంలో మంచి పేరు. అలాంటివాడు ఏడుకొండలవాడికి మాట ఇచ్చి వచ్చి, ఆ సంగతి పెళ్లానికి చెప్పడానికి నోరు పెగలక ఏడాదిగా దొంగచూపులు చూస్తూ బతుకుతున్నాడు.

పోయిన ఏడాది వానల్లో అతని భార్య లోకేశ్వరికి డెంగ్యూ వచ్చింది. చిత్తూరులో తగ్గకపోతే తిరుపతికి తీసుకొచ్చి చేర్పించారు. రక్తంలో కణాలు పడిపోతున్నాయి, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్న సాయంత్రం, ధనంజయ ఆసుపత్రి మెట్ల దగ్గర కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా కొండ. ఘాట్‌రోడ్డు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఇలాంటప్పుడు ఇక్కడి మనిషికి మొదట గుర్తొచ్చేది తలనీలాలు. ధనంజయ చెయ్యి తనంతట తానే తల మీదికి పోయింది. అక్కడ ఏముంది గనక! ముప్పై ఏళ్లకే ఊడ్చిపెట్టుకుపోయిన బట్టతల. ఇస్తానన్నా స్వామి నవ్వుతాడు. అప్పుడా మహానుభావుడు, ఆ భయంలో, ఆ కంగారులో కళ్లు గట్టిగా మూసుకుని, "స్వామీ, నా పెండ్లాన్ని నాకియ్యి, దాని తలనీలాలు నీకిస్తా" అని మొక్కేశాడు. కళ్లు తెరిచాక గానీ తాను ఎవరి సొత్తు ఎవరికి ఇచ్చాడో తెలిసిరాలేదు.

స్వామి మాత్రం ఆలస్యం చెయ్యలేదు. రెండు మూడు రోజుల్లో లోకేశ్వరి లేచి కూర్చుని గంజి తాగింది. తాగి, మొదట అడిగిన మాట, "నా జడ బాగా సిక్కు పడిపోయిందా?" అని.

ధనంజయకు ఆ క్షణం నుంచి గొంతులో పచ్చి వెలక్కాయ.

ఎందుకంటే ఆ జడ మామూలు జడ కాదు. ఆమె నిలబడితే మోకాళ్లు దాటుతుంది. పూతలపట్టులో పుట్టినింటి వాళ్లు ఇప్పటికీ ఆమెను 'జడ లోకేశ్వరి' అనే అంటారు. పెళ్లిళ్లలో ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు వచ్చి ఏ నూనె వాడతావని అడిగిపోతారు. ఆమె ఆ జుట్టును కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటుంది, పిల్లలకైనా ఒక్కోసారి తలంటు తప్పుతుందేమో గానీ దానికి తప్పదు.

ఏర్పేడు దారిలో కొత్తగా కట్టిన ఈ థీమ్ పార్కులో రెండు రోజులు ఉండాలన్నది పిల్లల కోరిక. అది అయ్యాక కొండకు పోవాలన్నది వరదమ్మ ఏర్పాటు. రెంటికీ మధ్యన మిగిలింది ఈ ఒక్క సాయంత్రం.

అట్లా తిరిగొద్దాం రమ్మని ధనంజయ పిలిస్తే, లోకేశ్వరి చిలకపచ్చ చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. "మీరేనా నన్ను బయటికి పిలిసేది? ఒళ్లు బాగుండాదా మీకు?" అని మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. వరదమ్మ దుప్పటి సర్దే నెపంతో అటు తిరిగింది.

బయట దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. ఎటు చూసినా పాటలు, పిల్లల కేకలు, వేయించిన మొక్కజొన్న వాసన. లోకేశ్వరి అతని చెయ్యి పట్టుకుని నడిచింది. చిత్తూరు బజారులో ఏనాడూ పట్టుకున్నది కాదు. ఆ చేతి వెచ్చదనానికి ధనంజయకు సంతోషం కలిగింది, వెంటనే భయం కూడా కలిగింది. మొక్కజొన్న కంకి కొనిచ్చాడు. ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. అది తినడం కాకముందే గాజుల అంగడి ముందు ఆగి ఏవి కావాలో తీసుకోమన్నాడు.

"ఏం తప్పు సేసినారు?" అంది లోకేశ్వరి నవ్వుతూ.

ధనంజయకు పొలమారింది. ఆమె వీపు తట్టి నీళ్లు తాగించింది. చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు, కానీ అంత ప్రేమగా వీపు నిమురుతున్న మనిషికి ఎలా చెప్పేది? ఆ సందు కాస్తా దాటిపోయింది.

జెయింట్‌వీల్ దగ్గర నీలం చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి వాళ్లను ఆపింది. "అక్కా, జడ పైకి సుట్టుకోండి, యాడన్నా తగులుకుంటే కష్టం" అని, మళ్లీ ఆగలేక, "ఒరిజినలేనా అక్కా?" అంది.

"పట్టుకోని లాగి సూడు పాపా."

ఆ అమ్మాయి నిజంగానే పట్టుకుని చూసింది. పక్కనున్న నలుగురూ చూశారు. లోకేశ్వరి ముఖం వెలిగిపోయింది. జడను రెండు చుట్లు చుట్టి ఒళ్లో పెట్టుకుని పెట్టెలో ఎక్కి కూర్చుంది. ధనంజయ ఎదురు సీటులో కూలబడ్డాడు. ఇంకో ఆడమనిషి ఇంకో మాట పొగిడితే తాను ఇక్కడే ఏడ్చేస్తాననిపించింది.

చక్రం పైకి లేచింది. కింద పాటలు సన్నబడ్డాయి. రేణిగుంటలో దిగబోతున్న విమానం ఒకటి తక్కువ ఎత్తులో పోయింది. దాని వెనకాల, చీకటి పడుతున్న కొండల వరస మీద దీపాలు కనిపించాయి. లోకేశ్వరి చేతులు జోడించింది.

"రేపీ పాటికి ఆడుంటాము," అంది. "పోయినేడు నన్ను లేపి కూర్సోబెట్టింది ఆయనే. ఏమిచ్చినా తీరేది కాదు."

"ఏమిచ్చినా అంటే... ఏమైనా ఇస్తావా?"

"ఎందుకియ్యను?"

"జడ ఇస్తావా?"

లోకేశ్వరి పకపకా నవ్వింది. ఎదుటి మనిషి నవ్వడం లేదని తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"నేను మొక్కినా లోకా," అన్నాడు ధనంజయ తల వంచుకుని. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నీ తలనీలాలిస్తానని మొక్కేసినా. రేపు పొయ్యేది అందుకే."

ఆమె ఒళ్లోని జడను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, ఎవరో ఇప్పుడే లాక్కుంటారన్నట్టు. చక్రం కిందికి దిగింది, మళ్లీ పైకి లేచింది. కొండ దీపాలు మళ్లీ కనిపించాయి గానీ ఈసారి ఆమె అటు చూడలేదు. కిందికి వచ్చాక ఆడించేవాడు, "ఇంగో రౌండా అన్నా?" అని అడిగాడు. దిగితే ఈమె ఎటు పోతుందోనని ధనంజయ సరే అనబోయాడు.

"దించు," అంది లోకేశ్వరి.

దిగి విసవిసా నడిచింది. ధనంజయ వెనకాలే పరుగులాంటి నడక నడిచాడు. రంగుల నీళ్లు ఎగజిమ్మే ఫౌంటెన్ పక్కన, మనుషులు తక్కువున్న చోట ఒక బల్ల ఉంటే ఆమె దాని మీద కూర్చుంది. అతను కూర్చోవడానికి ధైర్యం చాలక నిలబడ్డాడు.

"నాది ఇచ్చేదానికి నువ్వెవరు?"

కోపం వస్తే ఆమె నోట 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది. కాపురం మొత్తం మీద అది ఏదో ఒకటి రెండు సార్లు జరిగి ఉంటుంది.

"తప్పే," అన్నాడు.

"పానం నాది, జుట్టు నాది. మధ్యన నీదేం పోయింది? ఎద్దుకొమ్ముల మాదిరి ఆ మీసం పెంచుకోనుండావే, అది మొక్కేదానికేమొచ్చింది?"

ధనంజయ మీసం తడుముకున్నాడు. "దేవుడి మీద ఒట్టు, మొదట అదే అనుకున్నా. నీ పానానికి మీసం సాలదనిపించింది."

లోకేశ్వరి పెదవి అదిరింది. అది నవ్వో ఏడుపో అతనికి కనబడకుండా ముఖం తిప్పేసుకుంది. కాసేపటికి, "ఆడోళ్లు మూడు కత్తెర్లిచ్చేది లేదా? అదన్నా మొక్కొచ్చు గదా" అంది. మూడు కత్తెర్లంటే కొసలు మూడుసార్లు కత్తిరించి ఇవ్వడం, జడకు జడ ఉంటుంది, మొక్కుకు మొక్కు తీరుతుంది.

"దినామూ బెల్లం కాడ బేరమాడేవాణ్ణే. ఆ పొద్దు ఆయనకాడ బేరమాడాలంటే భయమైంది. తక్కువిస్తే తక్కువిస్తాడేమో అనిపించింది."

"ఇన్నాళ్లూ ఎందుకు దాసినావు? ఒప్పుకోననా?"

"ఒప్పుకుంటావని. నీకు సెప్తే ఆ పొద్దే పోదాం పా అంటావు. జడ పోతాది."

"పోతే నీకేంది?" అని అరిచినంత పని చేసింది లోకేశ్వరి.

ధనంజయ ఆమె పక్కన కూర్చున్నాడు. మండీలో ఎంతమందితోనైనా మాట్లాడగల మనిషి, పెళ్లాంతో ఈ నాలుగు మాటలు ఏనాడో మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడలేదు. మగవాళ్లలో ఈ రోగం చాలామందికి ఉంటుంది, పెళ్లాం మంచి గుణం ఊరందరికీ చెప్తారు, ఆమెకు మాత్రం చెప్పరు.

"పొద్దున్నే వసారాలో పేపరు పట్టుకోని కూర్సుంటా సూడు," అన్నాడు. "ఒక్క అక్షరం సదవను. ఎదురుగా నువ్వు తల దువ్వుకుంటా ఉంటావు. పేపరు సందులోంచి అది సూసి గానీ నేను మండీకి పోను. నాకు బాగా ఇష్టమైంది ఇయ్యకపోతే ఆయన నిన్నియ్యడనుకున్నా. అంతకంటే ఇష్టమైంది నాకాడ ఇంగొకటి లేదు లోకా. నీదని అడగాలని గూడా తోసలేదు. నాది ఇస్తున్నట్టే ఇచ్చేసినా."

లోకేశ్వరి నీళ్లకేసి చూసింది. ఎరుపు పోయి నీలం వచ్చింది, నీలం పోయి పసుపు వచ్చింది.

"ఎప్పటి నుంచి?" అంది.

"ఏంది?"

"పేపరు సందులోంచి సూసేది."

"నువ్వు కాపరానికొచ్చినప్పటి నుంచే."

"ఒక్క దినమన్నా బాగుండాదని అన్నావా?"

"అనలేదు."

"వసారాలోనే ఎందుకు దువ్వుకుంటాననుకున్నావు? లోపల అద్దం లేకనా? ఆడ వెలుతురు బాగుంటాదని అత్తకు అబద్ధం సెప్పి, నీ ఎదురుగానే ఇప్పుకోని కూర్సునేదాన్ని. ఊరంతా సూస్తాది, ఈ మనిషి పేపర్లోంచి తలెత్తడే, ఆ పేపరు కాలిపోనూ అని ఎంత తిట్టుకుంటినో నీకు తెలీదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత లోకేశ్వరి ఏడ్చింది. ధనంజయ కూడా ఏడ్చాడు. ఆ దారిన పోతున్న ఒక కుటుంబం వాళ్లను చూసి, ఏ బిడ్డ తప్పిపోయిందోనని, "ఏమైందన్నా?" అని ఆగి అడిగింది. ఏమీ లేదని చేత్తోనే చెప్పి పంపించాడు.

"ఇస్తాను," అంది లోకేశ్వరి చెంగుతో ముఖం తుడుచుకుని. "నువ్వు మొక్కినావని గాదు. బతికింది నేను, కాబట్టి నేనిస్తాను. అడక్కుండా నాది ఇంగేదన్నా ఎవురికన్నా ఇచ్చినావంటే మాత్రం ఊరుకునేది లేదు."

"ఇయ్యను."

"రేపు నీ మీసం గూడా పోవల్ల. నేనొక్కదాన్నే గుండుతో చిత్తూరు బజార్లో తిరగను."

"సరే."

ఆమె కనకాంబరాలు తీసి అతని దోసిట్లో పెట్టింది. సంచిలోంచి దువ్వెన తీసి అదీ ఇచ్చింది. అతనికి వీపు పెట్టి తిరిగి కూర్చుని, జడ విప్పేసింది. జుట్టు బల్ల మీది నుంచి జారి నేల దాకా పోబోతే ధనంజయ గబుక్కున ఒడిసి పట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా చూడడమే తప్ప అంత జుట్టు ఎంత బరువుంటుందో అతనికి తెలియదు.

"అల్లండి," అంది. 'మీరు' తిరిగి వచ్చింది.

"నాకు రాదే!"

"ఈ పొద్దు గాకపోతే ఇంగెప్పుడు నేర్సుకుంటారు?"

మూడు పాయలు ఎలా తియ్యాలో ఆమె చెప్పింది. అతను ఒకసారి నాలుగు తీశాడు, ఒకసారి రెండే తీశాడు. పోయేవాళ్లు చూసి నవ్వుకున్నారు. బట్టతల మనిషి ఒకాయన, పెద్ద మీసాలతో, అందరి ముందూ పెళ్లానికి జడ వేస్తుంటే ఎవరు మాత్రం నవ్వరు? ధనంజయకు అదేమీ పట్టలేదు. పాయ మీద పాయ వేస్తూ, కాస్త గట్టిగా లాగాడు.

"మెల్లిగా," అంది లోకేశ్వరి. "ఇది ఇంగ నాది గాదు, మీది గాదు. స్వామిది."

అతను మెల్లిగానే పట్టుకున్నాడు. జడ వంకరటింకరగా కొస దాకా వచ్చింది. కొసను వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత మొత్తం విప్పేసి, మళ్లీ మొదటి నుంచి దువ్వడం మొదలుపెట్టాడు. లోకేశ్వరి వద్దనలేదు.