కునుకు తీసే ఉప్పు

ప్రయోగశాలలో అందరూ ఆమెను ఉప్పక్క అంటారు. చుక్క నీరు కలపకుండానే నూనెలా జారే ఉప్పును తయారుచేయడం ఆమె పని. ఆ ద్రవం నింపితే, బొత్తామంత బ్యాటరీలో ఒక పక్క కరెంటును నిదానంగా దాచుకుంటుంది, రెండో పక్క అడిగిందే తడవుగా ఇచ్చేస్తుంది. చిక్కల్లా ఒకటే, ఊరికే అలమారలో ఉంచినా దాచుకున్నదంతా తరిగిపోతోంది. ఈసారి వారం తర్వాత బల్బు వెలగకపోతే ఈ ఉప్పును వదిలేద్దామని పెద్దసారు తేల్చి చెప్పేశాడు. ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్న ఉప్పు.

అప్పటినుంచి ఆమెకు కాలు నిలవదు. సాయంత్రపు ఎండకు సీసాలన్నీ తేనెరంగు తిరిగే వేళ, ఎవరూ చూడకుండా బ్యాటరీకి బల్బు తగిలించేది. పాత అలవాటే, ఇప్పుడు రోజూ అయింది. అది వెలిగేది. ఆ కాస్త వెలుగులో గది నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగేది. హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్లేది.

ఇంట్లోనూ అదే వరస. భర్తకు ఈమధ్యే గుండె ఆపరేషన్ అయింది. ఆయన కుర్చీలో కన్ను మూస్తే చాలు, భుజం పట్టి కుదిపేది.

"బతికే ఉన్నానే తల్లీ! డాక్టరు బతికించి పంపితే, నువ్వు లేపి లేపి చంపేలా ఉన్నావు," అనేవాడాయన.

వారం తిరక్కుండానే బల్బు మినుకుమంది. కొలతలు తీసే కుర్రాయన అనుమానంగా చూశాడు.

"అక్కా, రోజూ వెలిగిస్తున్నావా?"

"ఉందో లేదో చూశానంతే."

"చూసినప్పుడల్లా కొంత ఖర్చవుతుంది కదక్కా! ఉప్పు తప్పేం లేదు. నువ్వే తాగేస్తున్నావు."

ఆమె పెద్దసారును బతిమాలి ఇంకొక్క వారం గడువు తెచ్చుకుంది. కొత్తది నింపి అలమారలో పెట్టి, తాళంచెవి కుర్రాయన చేతికిచ్చేసింది.

ఆ వారం ఆమెకో కల వచ్చింది. అలల్లేని గోరువెచ్చని ఉప్పు సముద్రం. అడుగున భర్త పడుకుని ఉన్నాడు, ఛాతీ మీద ఆర్పిన బల్బు. వంగి ముట్టుకోబోయి, చేయి వెనక్కి తీసుకుంది. సముద్రం ఎంతో హాయిగా ఉంది.

గడువునాడు బల్బు నిండుగా వెలిగింది. "ఏదీ, ఇంకోసారి వెలిగించమ్మా!" అన్నాడు పెద్దసారు, పట్టలేని సంతోషంతో.

ఆమె తీగ ఊడదీసింది. "ఇక చాలు సార్. పడుకోనివ్వండి."

ఇంటికొచ్చేసరికి భర్త కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియడం లేదు. కుదపబోయి చేయి చాచింది. అంతలోనే ఆ చేయి ఒళ్లో పెట్టుకుని పక్కనే నేలమీద కూర్చుంది. గోడ మీది ఎండ మెల్లగా కిందికి జారింది.

"ఏమే, ఇవాళ లేపవా?" అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

"లేపను. పడుకోండి."

ఆయన నిజంగానే పడుకున్నాడు. కాసేపటికి ఆమె కూడా, ఆపరేషన్ అయ్యాక మొదటిసారి, కుర్చీ కాలికి తల ఆనించి కునుకు తీసింది.