లైను తెంపిన రెండు శనివారాలు

మనుషుల మీద అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సిరిసిల్లలో ఫోన్ల దుకాణం పెట్టాక వచ్చింది. ఆ రోజుల్లో ఎవరు అడవిలోని అన్నల మనిషో, ఎవరు పోలీసుల మనిషో చెప్పలేకపోయేవాళ్ళం. ఇద్దరూ నా దగ్గరికే వచ్చి ఫోన్లు చేసుకునేవాళ్ళు. ఇద్దరికీ నా మీద అనుమానమే. కాబట్టి నేనూ ఎవరినీ వదలకుండా అనుమానించేవాణ్ణి.

తొంభై తొమ్మిదిలో ఒక కంప్యూటర్ కొని, ‘ఈ-మెయిల్ సెంటర్’ అని బోర్డు రాయించాను. ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారు. బొమ్మల్లేవు, మౌస్‌తో పని లేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, అంతే. తెలుగు మాటలైనా వాటితోనే రాయాలి. ఫోన్ లైన్ కలిపితే ఉత్తరాల జాబితా కనపడేది. లైన్ బాగుంటే ఉత్తరం వెంటనే తెరుచుకునేది, లేకపోతే తెర బిగుసుకుపోయేది. కాసేపు చూసి ప్రోగ్రామే ఇంగ్లీషులో అడిగేది: పదిహేను సెకన్లయింది, జవాబు లేదు, కనెక్షన్ తెంచమంటారా? ఎన్ నొక్కితే మళ్ళీ ఎదురుచూసేది. వై నొక్కితే చేస్తున్న పని అక్కడికక్కడే ఆపేసేది. నేను ఎన్ నొక్కి, బీడీ ముట్టించుకుని కూర్చునేవాణ్ణి.

సెంటర్‌కంతా ఒకటే చిరునామా. ఉత్తరం ఎవరికో పైన పేరుండేది. ఆ మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చుంటేనే నేను దాన్ని తెరిచేవాణ్ణి. ఇదేదో పెద్దమనిషి తరహా అనుకోకండి, ఉత్త భయం. పరాయి ఉత్తరాలు చదువుతాడని పేరొస్తే ఇన్ఫార్మర్ అంటారు. ఆ మాట పడ్డవాడికి ఏమయ్యేదో మా దగ్గర అందరికీ తెలుసు.

రాజవ్వ శనివారం శనివారం వచ్చేది. ముప్పై ఏళ్ళు మరమగ్గాల షెడ్లో నూలు కండెలు చుట్టిన మనిషి. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఆమె ఒక్కగానొక్క కొడుకు మల్లేశం కూలిరేట్ల సమ్మెలో రాత్రిళ్ళు పోస్టర్లు అంటించాడు. పోలీసుల జాబితాలో పేరెక్కిందని తెలియగానే మహారాష్ట్రలోని భీవండికి పారిపోయి అక్కడ వేరే పేరుతో మగ్గం నడుపుతున్నాడు. ఈ సంగతి తెలిసింది రాజవ్వకూ నాకూ మాత్రమే. ఆమెకు చదువు రాదు, వచ్చిన ఉత్తరం నేనే చదవాలి. చెవిలో గుసగుసలాడితే వినపడదు. దుకాణమంతా వినపడేలా అరవాలి. అందుకే వేరే ఎవరూ లేనప్పుడే చదివేవాణ్ణి.

ఆ శనివారం రాజవ్వ వచ్చేసరికి బెంచీ మీద ఒక కొత్త మనిషి ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, చేతిలో పేపరు. ఫోన్ చేయడు, లేచి పోడు. పేపరు చదువుతున్నట్టే ఉన్నాడు గానీ గంట నుంచి పేజీ తిప్పలేదు. మఫ్తీ పోలీసు అని నేను తేల్చేసుకున్నాను.

“లతీఫూ, కొడుకా, నాకేమన్న అచ్చిందా?” అంది రాజవ్వ.

ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక లైన్ కలిపాను. జాబితాలో ఆమె పేరుతో ఉత్తరం ఉంది. అలవాటుకొద్దీ తెరవమని నొక్కాను. తెర బిగుసుకుంది. వెనక పేపరు చప్పుడైంది. తిరిగి చూస్తే ఆ మనిషి మెడ సాచి నా తెరే చూస్తున్నాడు. ప్రోగ్రామ్ అడిగింది, తెంచమంటారా అని. వై నొక్కాను.

“లైన్ కరాబుందవ్వా, వచ్చే శనారం రా,” అని అరిచాను.

“మరి గా డబ్బల నా పేరున్నదా?”

“లైన్ లేదంటున్న గదా!” అని కసురుకున్నాను. పాపం, ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ మనిషి కూడా ఆమె వెనకే లేచి గుమ్మం దాకా పోయి, నన్నొకసారి చూసి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. నా అనుమానం ఖాయమైపోయింది. ఎంత తెలివిగా తప్పించానో అని ఆ సాయంత్రం నాలో నేనే మురిసిపోయాను కూడా.

ఆ తర్వాతి శనివారం ఇంకా దరిద్రం. ఆ మనిషి మళ్ళీ బెంచీ మీదే ఉన్నాడు. రాజవ్వ వచ్చి కూర్చున్న నిమిషానికే ఎస్సై కూడా వచ్చాడు, ఎప్పటిలాగే డబ్బులివ్వకుండా ఇంటికి ఫోన్ చేసుకోవడానికి. “ఏం లతీఫూ, ధందా మంచిగున్నదా?” అంటూ నా భుజం మీద చెయ్యేశాడు. అప్పటికే, రాజవ్వ బతిమాలితే కాదనలేక నేను నొక్కిన ఉత్తరం తెరుచుకోబోతోంది. ప్రోగ్రామ్ అడిగేదాకా కూడా ఆగలేదు నేను. కంట్రోల్, సీ కలిపి నొక్కి ఆపేశాను.

“నీకేం రాలేదవ్వా! ఊకె ఊకె రాకు!” అని అరిచాను.

ఆ ఇద్దరి ముందర ఇంకేం అరిచి చెప్పగలను? బెంచీ మీది మనిషి ఎస్సై చేతినీ నా భుజాన్నీ చూసి, పేపరు మడిచి గబగబా వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున భీవండి నుంచి వచ్చిన బస్సును పోలీసులు బైపాస్ దగ్గర ఆపారు. చేతిలో జాబితాతో ఒక్కొక్కరి మొహం చూస్తూ దింపారు. మల్లేశాన్ని మాత్రం జీపెక్కించారు. ఏ ఠాణాకు తీసుకుపోయారో అడిగితే ఎవరూ చెప్పలేదు. అట్లాంటి మనుషుల గురించి నాలుగో రోజో ఐదో రోజో పేపర్లో ఏ ఎన్‌కౌంటర్ వార్త వచ్చేదో మాకు తెలుసు.

గురువారం ఆ ఇస్త్రీ చొక్కా మనిషి దుకాణంలోకి వచ్చి నా చొక్కా గల్లా పట్టుకున్నాడు.

“ఎంతకమ్మినవ్‌రా వాన్ని?”

“నేనా? నువ్వే గదా మఫ్తీలచ్చి కూసున్నది!”

“మఫ్తీ ఏంది? నా పేరు విఠల్. భీవండిల మల్లేశం, నేను ఒక్క కార్ఖానాలనే పని చేస్తం. అవ్వకు పానం బాగలేదని ఎవరో చెప్తే ఆగమాగమైండు. ఇంటి మీద పోలీసోళ్ళ కండ్లుంటయ్, సెంటర్ల కలువుమని తోలిండు. నువ్వేమో ఎస్సైతోటి భుజాల మీద చేతులు! నీ ముంగట ఎట్ల మాట్లాడాలె? బయట మాట్లాడుదమంటె అవ్వకు బజారంత ఇనబడేటట్టు ఒర్రాలె, వానికి చెప్దమంటె కార్ఖానాల ఫోన్ లేదు.”

గల్లా వదిలేసి బెంచీ మీద కూలబడి ఏడ్చాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

శనివారం రాజవ్వ వచ్చింది. వస్తుందనుకోలేదు. విఠల్ ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె కుర్చీలో కూర్చుని, “సదువు,” అంది.

తెర బిగుసుకుంది. అడిగిన ప్రతిసారీ ఎన్ నొక్కాను. పావుగంటకు తెరుచుకుంది. ఎవరు వింటే ఏంటని గట్టిగా చదివాను:

“అవ్వా, నీకు పానం బాగలేదంట. నిజమేనా? నువ్వు దాసిపెడ్తవ్. మంచిగున్న అని లతీఫన్నతోని ఒక్క మాట రాపియ్యి, సాలు. రెండు శనారాలు చూస్త. మాట రాకపోతే ఏదైతే గది అయితదని నేనే బయలెల్లి అస్త.”

“ఎప్పుడచ్చింది ఇది?” అంది రాజవ్వ.

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. “మొదలు లైన్ కరాబన్న గదా, గా శనారం కంటె ముందే అవ్వా. రెండుసార్లు నేనే ఆపిన.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

“జవాబు రాయి,” అంది.

“అవ్వా, మల్లేశం ఆడ లేడు గదా...”

“రాయమన్న గదా! ఒక్క మాట అడిగిండు నా కొడుకు. నా పానం మంచిగనే ఉన్నది, నువ్వు రాకు బిడ్డా అని రాయి.”

విఠల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె చెప్పినట్టే అక్షరం అక్షరం కొట్టి, భీవండికి పంపాను. అరనిమిషంలో వెళ్ళిపోయింది.