ఎన్నికలయ్యాక ఇద్దామనుకున్న తీర్పు

మా రాష్ట్రానికి సొంత సుప్రీంకోర్టు ఉంది, దాని జడ్జీలు కూడా ఓట్లడుక్కోవాలి. న్యాయదేవత కళ్లకు గంతలంటారు గానీ, ఎన్నికలొస్తే ఆవిడ కూడా టీవీ ప్రకటనలు చూస్తుంది. చర్చి విందుల్లో వేయించిన చేప తింటూ ఊరూరా తిరగని జడ్జి ఇక్కడ గెలవడు.

అలా గెలిచిన జడ్జి వారెన్ టిస్‌డేల్ దగ్గర మొదటినుంచీ నేనే కార్యదర్శిని. పందులు పెంచేవాడి కొడుకు, ప్రాసిక్యూటరుగా మొదలై ఆ కుర్చీదాకా ఎదిగాడు. మంచివాడనే అందరూ అంటారు. ఒకప్పుడు నేనూ అనేదాన్ని.

ఎన్నికల ముందు డెల్మర్ ప్రూయిట్ అప్పీలు ఆయన వంతుకొచ్చింది. హత్య కేసు, యావజ్జీవం. సాక్షిది దొంగ సాక్ష్యమని తెలిసీ ప్రాసిక్యూటర్లు దాచారు. డెల్మర్ నిర్దోషేనని జడ్జీలంతా ఒప్పుకున్నారు. టిస్‌డేల్ తీర్పు రాశాడు, నేను టైపు చేశాను.

"ఎన్నికలయ్యాక బయటపెడదాం మర్లీన్," అన్నాడు.

"జైల్లో ఉన్నవాడికి మీ ఎన్నికలతో పనేంటండీ?"

"ఇప్పుడు వదిలితే నా మీద పోటీ చేసే హోల్కమ్ నన్ను హంతకుల చుట్టమని టీవీలో ఏకిపారేస్తాడు. నేనోడి వాడొస్తే ఇలాంటోళ్లకి దిక్కెవరు? కొన్ని వారాలేగా!"

చేసే పాపానికి కూడా ధర్మం పేరు పెట్టుకోవడం బాగా చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది.

ఆయన గెలిచాడు. ఓట్లకు ముందే డెల్మర్ జైల్లో గుండె ఆగి పోయాడు. అప్పీలుదారు చనిపోయినందున కేసు మూసేశామని కోర్టు ఒక్క ముక్కలో తేల్చేసింది. తీర్పు బయటికి రానేలేదు.

డెల్మర్ తల్లి ఐడెల్లా వచ్చింది. పెద్దావిడ, చర్చికి వేసుకునే మంచి కోటు వేసుకుంది.

"నేను మీకే ఓటేశానయ్యా. ఒక్కమాట చెప్పండి చాలు. మావాడు బతికుంటే ఏమని తీర్పిచ్చేవారు?"

"బయటికి రాని తీర్పు గురించి మాట్లాడకూడదమ్మా. అది నియమం."

ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"చేతిలో మంచిమాట ఉంటే తల్లికి ఎవరు చెప్పకుండా ఉంటారు లెండి," అంది మెల్లగా. "అంటే వాడే చంపాడన్నమాట. చెయ్యలేదమ్మా అని ఏడిస్తే ఇన్నేళ్లూ నమ్మాను."

"జడ్జిగారూ!" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది.

"ఆవిడకి తలుపు తియ్యి మర్లీన్," అన్నాడు.